ఆయిల్ పైనుంచి లాగాలా, కిందినుంచి దించాలా?

ఈ సెలవుల్లో మా ఇంట్లో పెద్ద వాదన దేని మీద జరిగిందో చెప్తే నవ్వుతారు. నా మార్కుల మీద కాదు, ఫోన్ మీద కాదు. ఇంజన్ ఆయిల్ మీద.

మాది చిలమత్తూరు. ఇంట్లో 2004 మోడల్ మారుతి 800 ఉంది. దానికి ఆయిల్ మార్చే టైమ్ వచ్చింది. నేను నాలుగు వీడియోలు చూసేసి, ఆన్‌లైన్‌లో 1,400 రూపాయలకి ఒక చేతి పంపు తెప్పించాను. ఆయిల్ లెవల్ చూసే గేజ్ ఉంటుంది కదా, అది తీసేసి ఆ గొట్టంలోకి సన్న ట్యూబ్ ఒకటి దింపి పంపు కొడితే పాత ఆయిల్ అంతా పైకి వచ్చేస్తుంది. కారు కింద దూరే పని లేదు. చేతులకి నలుపు అంటదు. మా నాయన ఆ పంపుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేందిరా, కారుకి రక్త పరీక్ష చేస్తావా?" అన్నాడు.

ఆ రోజు నేను పంపు పార్టీ, ఆయన ప్లగ్ పార్టీ. ఇప్పుడు నేనూ ప్లగ్ పార్టీలో చేరిపోయాను. పాత కారుకి ఆయిల్ కిందినుంచే దించాలి, వీలైతే మనమే దించాలి, లేదంటే కనీసం దించేటప్పుడు పక్కనే ఉండి చూడాలి అన్నది ఇప్పుడు నా అభిప్రాయం. పంపు చెడ్డదేమీ కాదు. అది చేస్తానన్న పని దాదాపుగా చేస్తుంది. అయినా ఎందుకు పార్టీ మారానో చెప్తాను.

"ఒక 800 కోసం ఇంత చర్చా?" అని మీకు అనిపించొచ్చు. మారుతి 800 మన దేశంలో 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కింది. 2014 జనవరిలో తయారీ ఆపేశారు. అంటే ఇప్పుడు రోడ్డు మీద కనిపించే ప్రతి 800కీ పదేళ్లు దాటిపోయాయి. మా ఊరి నుంచి కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి పెనుకొండ వైపు పోతే ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ వస్తుంది. 2019 నుంచి అక్కడ కొత్త కార్లు తయారవుతున్నాయి. కొత్త కార్లు ట్రక్కుల మీద ఎక్కి పోయే అదే రోడ్డు మీద మా 800 లాంటివి కూడా తిరుగుతుంటాయి. వాటిని సరదాకి ఎవరూ ఉంచుకోలేదు. అవసరానికి ఉంచుకున్నారు.

మాకు ఎకరాన్నర మల్బరీ తోట ఉంది. పట్టుపురుగులు పెంచుతాం. గూళ్లు చంద్రికల నుంచి విడిపించాక ఆలస్యం చేయకూడదు. రోజు గడిచేకొద్దీ తూకం తగ్గుతుంది. ఇంకా ఆగితే లోపలి పురుగు చిలకగా మారి గూడుకి తూటు పెట్టుకొని బయటికొస్తుంది, ఇక ఆ గూడుకి రేటు ఉండదు. అందుకే వెనక సీటు తీసేసి, గూళ్ల సంచులు కార్లోనే వేసుకొని హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కి పోతాం. రేటు బాగుందని తెలిస్తే బెంగళూరు దాటి రామనగరం దాకా కూడా. ఆ రోజు కారు దారిలో నిలబడిపోతే నెల రోజుల కష్టం రోడ్డు పక్కన ఎండలో ఉన్నట్టే. కాబట్టి మా ఇంట్లో ఆయిల్ సంగతి చిన్న సంగతి కాదు.

ముందు, మా వైపు పాత కార్లకి ఆయిల్ ఎన్ని రకాలుగా "మారుస్తారో" చూద్దాం.

మొదటిది అసలు మార్చకపోవడం. లెవల్ తగ్గినప్పుడల్లా అర లీటరు పోస్తుంటారు. "పాత ఇంజన్ ఎట్లాగూ ఆయిల్ తాగుతుంది, కొత్తది పోస్తూనే ఉన్నాం కదప్పా, ఇంకా మార్చేది ఏముంది?" అంటారు. వినడానికి లాజిక్ బాగానే ఉంటుంది. కానీ ఆయిల్ జారుడు కోసం మాత్రమే ఉండదు. ఇంజన్‌లో పుట్టే మసిని, కాలకుండా మిగిలిన పెట్రోల్‌ని, తేమని అది తనలో కలుపుకొని మోస్తుంది. అరుగుదల తగ్గించడానికి, మురికిని గడ్డకట్టకుండా ఉంచడానికి అందులో కొన్ని మందులు కలుపుతారు. అవి వాడకంలో ఖర్చయిపోతాయి. పైన కొత్తది పోస్తే లెవల్ పెరుగుతుంది గానీ మురికి బయటికి పోదు. ఎక్కువ పేరుకున్న కుండలో కొత్త పులుసు పోసినట్టు.

రెండోది డీజిల్‌తో కడగడం. పాత ఆయిల్ దించి, డీజిలో కిరోసినో పోసి, కాసేపు ఇంజన్ ఆన్ చేసి, మళ్ళీ దించేస్తారు. నల్లగా బయటికొచ్చేది చూస్తే మనకి చాలా తృప్తిగా ఉంటుంది. కానీ ఆ కాసేపూ బేరింగుల మధ్య ఉండాల్సిన మందపాటి ఆయిల్ పొర ఉండదు. పైగా ఏళ్ల తరబడి గోడలకి అంటుకున్న మడ్డి ఒక్కసారిగా పెళ్లలుగా ఊడి, ఆయిల్ లాగే జాలీకి అడ్డం పడే ప్రమాదం ఉంది. కొత్త ఇంజన్‌కే మంచిది కాదు, ఇరవై ఏళ్ల ఇంజన్‌కి అస్సలు వద్దు. మడ్డి ఎక్కువ ఉందనుకుంటే మంచి ఆయిల్ వేసి, రెండు మూడు సార్లు మామూలు కంటే తొందరగా మార్చడమే మేలు. నిదానంగా అదే కడుక్కుంటుంది.

మూడోది నా పంపు. నాలుగోది నాయన ప్లగ్. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌కి కింద ఒక బోల్టు ఉంటుంది. దాన్ని విప్పితే ఆయిల్ దానంతట అదే దిగిపోతుంది. అసలు పోటీ ఈ రెండింటి మధ్యే.

పంపు తరఫున చెప్పాల్సినవి నిజంగానే చాలా ఉన్నాయి. ఇది ఏదో ఆన్‌లైన్ బొమ్మ కాదు. మెర్సిడెస్ లాంటి కార్లకి చాలా వర్క్‌షాపుల్లో పైనుంచే లాగుతారు. స్మార్ట్ అనే చిన్న కారు మొదటి తరంలో అసలు కింద ప్లగ్గే పెట్టలేదు. ప్లగ్ మాటిమాటికీ విప్పి బిగిస్తుంటే అక్కడి మర అరిగిపోయే భయం ఉంటుంది, పంపుతో ఆ భయం లేదు. కారు ఎత్తాల్సిన పని లేదు కాబట్టి మీద పడుతుందన్న భయమూ లేదు. ఇవన్నీ నేను నాయనకి వరసగా చెప్పాను, ప్రాజెక్ట్ రివ్యూలో స్లైడ్లు చూపించినట్టు.

ఆయన అంతా విని, "సరే, నీ పంపుతోనే తియ్యి. అయిపోయినాక నేను కింద ప్లగ్ విప్తా. ఏమొస్తుందో చూస్తాం" అన్నాడు.

కొడికొండ దాకా పోయి వచ్చాం, ఆయిల్ వేడెక్కి పల్చబడాలని. పది నిమిషాలు ఆగాక నేను పంపు కొట్టాను. లీటర్ గీతలున్న క్యాన్‌లో కొలిస్తే 2 లీటర్ల 400 మిల్లీలీటర్లు వచ్చింది. తర్వాత గాలి బుడగలు తప్ప ఏమీ రాలేదు. ట్యూబ్‌ని పైకి కిందికి, పక్కకి తిప్పి చూశాను, అంతే. తర్వాత నాయన ప్లగ్ విప్పాడు. ఇంకో 200 మిల్లీలీటర్లు దిగింది. ఫిల్టర్‌లో మిగిలేది ఈ లెక్కలో లేదు.

అంటే పంపు వదిలేసింది ఏడెనిమిది శాతం. నిజం చెప్పాలంటే ఈ అంకె చూసి నేనే గెలిచానని అనుకున్నా. కొత్త ఆయిల్‌లో పాతది 200 మిల్లీలీటర్లు కలిస్తే ఇంజన్ ఏమీ చచ్చిపోదు. ట్యూబ్ ఇంకాస్త సరిగ్గా అడుక్కి తగిలుంటే తేడా ఇంకా తగ్గేదేమో. ఒక్కసారి చేసిన టెస్ట్‌తో ఎవరూ తీర్పు ఇవ్వలేరు కూడా. ఆ చివరి 200 మాత్రం చూడ్డానికి వేరేగా ఉంది. ముందు వచ్చిన దానికంటే చిక్కగా, వేళ్ల మధ్య రుద్దితే సన్న పొడి తగిలినట్టు ఉంది. ప్లగ్ చివర మసి రంగు పేస్టు కొంచెం అంటుకొని ఉంది. నాయన దాన్ని బట్టతో తుడిచి వెలుగులో చూసి, "పెద్ద రజను లేదు, ఇంజన్ బానే ఉంది" అన్నాడు. మెత్తటి పేస్టు కొంచెం ఉండటం పాత ఇంజన్‌కి మామూలే. తళతళలాడే పెద్ద రేకుల్లాంటివి వస్తేనే కంగారు పడాలి. ఈ సంగతి పంపు నాకు చెప్పలేదు.

అసలు విషయం తర్వాత జరిగింది. ఆయిల్ చుక్కలు ఆగేదాకా ఖాళీగా ఉన్నాం కదా, నాయన ఫోన్ లైట్ వేసి అటూ ఇటూ చూస్తున్నాడు. ఉన్నట్టుండి "ఈడ చూడు" అన్నాడు. ఎడమ పక్క ముందు చక్రం లోపలంతా గ్రీజు చిమ్మి ఉంది. యాక్సిల్ జాయింట్ మీద రబ్బర్ బూట్ ఉంటుంది, గ్రీజు బయటికి పోకుండా, దుమ్ము లోపలికి రాకుండా. అది చుట్టూ సగం దాకా చీలిపోయి ఉంది.

మారుతి 800లో ముందు చక్రాలే బండిని లాగుతాయి. ఆ బూట్ చిరిగితే గ్రీజు పోతుంది, ఇసుక చేరుతుంది, జాయింట్ అరుగుతుంది. మొదట మలుపుల్లో టక్ టక్ అని శబ్దం వస్తుంది. పట్టించుకోకపోతే ఒక రోజు జాయింట్ విరిగి బండి అక్కడే నిలబడిపోతుంది. మాకు ఇంకా శబ్దం మొదలవలేదు. హిందూపురంలో మెకానిక్ మామ చూసి, "ఇంకో నాలుగు ట్రిప్పులు లోడుతో పోయింటే జాయింట్ పోతుండె" అన్నాడు. బూట్ మార్చడానికి అయింది వందల్లో. జాయింట్ పోయుంటే వేలల్లో. సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత మేము గూళ్లతో రామనగరం పోయాం.

ఈ కథ హాస్టల్లో చెప్తే నా రూమ్మేట్ ఒక మంచి ప్రశ్న వేశాడు. "పంపుతో ఆయిల్ తీసి, విడిగా కిందికి వంగి చూడొచ్చు కదా? ఆ రెండింటికీ సంబంధం ఏముంది?" లాజిక్ ప్రకారం ఏ సంబంధమూ లేదు. చూడొచ్చు. కానీ చూడం. నేను చూసేవాణ్ణి కాదని నాకు గ్యారంటీగా తెలుసు. పంపు కొనడానికి నాకున్న ఒకే ఒక్క కారణం కింద దూరకుండా తప్పించుకోవడం. కిందికి పోవాల్సిన పని లేకుండా చేసే వస్తువు కొని, మళ్ళీ ఊరికే కిందికి పోయి చూసేవాడు ఎవరుంటారు? ప్లగ్ విప్పే పని మనల్ని అక్కడికి తీసుకుపోతుంది. ఆయిల్ దిగే పది పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోబెడుతుంది. ఆ టైమ్‌లో కళ్ళు ఊరుకోవు. బూట్లు, బ్రేక్ పైపులు, సైలెన్సర్ తుప్పు, ఎక్కడో కారుతున్న కూలెంట్, అన్నీ కనిపిస్తాయి.

కొత్త కార్లో ఈ వాదన నేను ఇంత గట్టిగా చేయను. అందులో సెన్సర్లు ఉంటాయి, సర్వీస్‌కి పోతే లిఫ్ట్ మీద ఎత్తి లిస్ట్ ప్రకారం చూస్తారు. మా 800లో ఇంజన్ ఆయిల్ గురించి చెప్పేది ఒకే ఒక్క ఎర్ర లైటు. అది కూడా ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయాక వెలుగుతుంది. చాలామంది ఆ లైటు చూసి "ఊరు చేరినాక అర లీటరు పోద్దాంలే" అనుకొని నడిపేస్తారు. ఆ లైటు వెలిగితే వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపాలి. మన ప్రోగ్రాముల్లో వార్నింగ్ రాలేదంటే బగ్ లేనట్టు కాదని మనకి తెలుసు. పాత కారు అయితే వార్నింగులే లేని ప్రోగ్రామ్. మనమే తెరిచి చదువుకోవాలి.

ఇప్పుడు అవతలి వాదనల్లో గట్టివి రెండు చెప్పి నా జవాబు చెప్తాను.

ఒకటి, ప్రాణభయం. ఇది నూటికి నూరు పాళ్లు నిజం. ఉత్త జాకీ మీద కారు నిలబెట్టి కిందికి దూరడం కంటే ఆ ఆయిల్ మార్చకపోవడమే నయం. జాకీ టైరు మార్చడానికి మాత్రమే. స్టాండ్లు ఉండాలి, లేదా ర్యాంప్ ఉండాలి. మా తోట దగ్గర నాయన ఏళ్ల కిందట ఒక గుంత తవ్వి పక్కలకి బండలు పేర్చాడు. కారు రెండు పక్కల చక్రాలూ గట్టి నేల మీదే ఉంటాయి, మనిషి మధ్యలో గుంతలోకి దిగుతాడు. అయినా కారు గేర్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టిన తర్వాతే దిగుతాం. ఇంజన్ ఆపి ఉండాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, గుంతలోకే దిగుతుంది, కాబట్టి బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రాకూడదు. ఇవేవీ కుదరకపోతే గ్యారేజీకి పోండి. కానీ బయట కుర్చీలో కూర్చొని రీల్స్ చూడకుండా, "అన్నా, నేనూ చూస్తా" అని పక్కన నిలబడండి. ఎవరూ వద్దనరు.

రెండు, మర పోవడం. ఇదీ నిజమే. మా కారు ప్లగ్‌కే ఎప్పుడో ఒకచోట ఎవరో సైజు సరిపోని స్పానర్ వేసి మూలలు అరగదీసి ఉన్నారు. కానీ మర పోయేది విప్పడం వల్ల కాదు, తప్పుగా బిగించడం వల్ల. ప్లగ్‌ని ముందు చేత్తోనే తిప్పుకుంటూ పోవాలి. చేత్తో సాఫీగా తిరగలేదంటే మర తప్పిందని అర్థం, వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టాలి. వాషర్ కొత్తది వేయాలి, అది పదుల రూపాయల్లో వస్తుంది. చివరికి స్పానర్‌తో బిగించాలి గానీ దాని మీద ఎక్కి నిలబడకూడదు. ఫిల్టర్ కూడా అంతే. దాని రబ్బర్ రింగుకి కొత్త ఆయిల్ కాస్త రాసి, చేత్తో బిగిస్తే చాలు. ఆయిల్ పోసి, ఇంజన్ ఒక నిమిషం ఆన్ చేసి ఆపి, కాసేపాగి గేజ్ చూసి, కింద చుక్క పడటం లేదని నిర్ధారించుకున్నాకే పని అయినట్టు. ఈ చివరి చూపు కోసం కూడా మళ్ళీ కిందికే వంగాలి.

అప్పటికే మర పూర్తిగా పోయిన కారుకి, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేసుకునే వాళ్ళకి, వంగలేని పెద్దవాళ్ళకి పంపే కరెక్ట్. దాంట్లో నాకు మొహమాటం లేదు. అలాంటి వాళ్ళు ఏడాదికి రెండుసార్లయినా ఎక్కడో ఒకచోట కారుని ఎత్తించి చూపించుకుంటే నా అభ్యంతరం కూడా పోతుంది. మా పంపు కూడా వేస్ట్ కాలేదు. మొన్న నేను కొత్త ఆయిల్ గేజ్ గీత దాటి పోసేస్తే, ఎక్కువైంది దాంతోనే లాగేశాం. నాయన ఏమీ అనలేదు, కొంచెం నవ్వాడు అంతే.

ఇంకో మాట చెప్పకపోతే ఈ ఆర్టికల్ సగమే అవుతుంది. పైనుంచి తీసినా కిందినుంచి తీసినా, చేతికొచ్చిన ఆ రెండున్నర లీటర్ల నల్ల ఆయిల్ ఎక్కడికి పోతుంది? మా వైపు కొంత కంచె కర్రలకి చెదలు పట్టకుండా పూస్తారు, కొంత సెంట్రింగ్ పలకలకి పోతుంది, మిగిలింది గ్యారేజీ వెనక నేల మీదో కాలవలోనో పోస్తారు. మేమూ కొన్నేళ్లు గుంత పక్కనే పోశాం. ఇప్పటికీ అక్కడ గడ్డి సరిగ్గా మొలవదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. బోర్ల కోసం అప్పులు చేసిన ఇళ్లు మా చుట్టూనే ఉన్నాయి. అట్లాంటి చోట భూమిలోకి దిగే నీళ్లలో మనమే ఈ విషం కలుపుతున్నాం. వాడిన ఆయిల్‌ని మన దేశంలో 2016 నాటి నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల్లోనే లెక్కేశాయి. 2023లో వాటిని సవరించి, 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారు చేసే కంపెనీలకే వాడిన ఆయిల్ రీసైక్లింగ్ బాధ్యత పెట్టారు. ఆయిల్ నిజానికి అరిగిపోదు, మురికి పడుతుంది. సరిగ్గా శుద్ధి చేస్తే మళ్ళీ ఆయిల్‌గా పనికొస్తుంది. అందుకే పాత ఆయిల్‌ని నీళ్లు, పెట్రోల్ కలపకుండా మూత ఉన్న క్యాన్‌లో పోసి, రీసైక్లింగ్‌కి పంపే గ్యారేజీలో ఇవ్వాలి. మేము ఈసారి హిందూపురంలో అట్లాగే ఇచ్చొచ్చాం. ఇచ్చే ముందు, "ఇది ఎవరికి పోతుంది అన్నా?" అని అడగడం మర్చిపోవద్దు. అందరూ అడగడం మొదలుపెడితే వాళ్ళూ చెప్పడానికి రెడీగా ఉంటారు.

సంక్రాంతికి మీరంతా ఇళ్లకి పోతారు. మీ ఇంట్లోనో, మీ మామయ్య ఇంట్లోనో ఒక పాత 800, ఒక జెన్, ఒక ఇండికా ఉండే ఉంటుంది. దానికి ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు పాత చొక్కా ఒకటి వేసుకొని కిందికి దిగండి. మీకు ఏది ఏంటో తెలియకపోయినా పర్లేదు, నాకూ తెలియలేదు. తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకొని లైట్ పట్టుకోండి చాలు. తడిగా కనిపించిన చోటల్లా "ఇదేంటి?" అని అడగండి. మా ఇంట్లో ఆ రోజు నేను చేసింది అంతే.